జానెడు ఖాళీ

రాత్రంతా రొయ్యల ఫ్యాక్టరీలో తూకాలు రాసి
తెల్లారి ఏడింటికి ఇంటికొస్తాను.
మంచుకి వేళ్లు మొద్దుబారి
తాళం చెవి ఓ పట్టాన దూరదు.
భీమవరం అంతా కాఫీ తాగే వేళకి
కిటికీలకి దుప్పట్లు కట్టుకుని
నా రాత్రిని నేనే తయారుచేసుకుంటాను.

పదింటికి పై వాటాలో మంగతాయారు గారు
రోలు ముందు కూచుంటారు.
కందిపొడి, కారప్పొడి, మునగాకు పొడి.
తణుకు దాకా గిరాకీ.
మిక్సీలో వేస్తే రుచి చచ్చిపోద్దట.
ధమ్.
ఆగుతుంది.
ఆ ఆగడమే అసలు బాధ.
తర్వాతి దెబ్బ కోసం ఒళ్లంతా చెవి చేసుకుని
పడుకోవడం పడుకోవడం కాదు.
అడిగాను ఒకసారి. పాపం, రోలు కింద గోనెపట్టా వేశారు.
ధమ్ము కాస్తా దుమ్ అయింది.

పాలకొల్లు నుంచి యేసుబాబు వచ్చాడు,
చెవిలో పెన్సిలు, నడుముకి టేపు.
ఏమీ మాట్లాడకుండా స్టూలెక్కి
శ్లాబుకి అరచెయ్యి ఆనించి
పిల్లాడికి జ్వరం చూసినట్టు చూశాడు.
"గాల్లో వచ్చే చప్పుడు వేరండి, ఒంట్లోంచి వచ్చేది వేరు.
ఇది శ్లాబు ఒంట్లోంచి దిగుతుందండి, ఆయ్.
కొత్త కప్పు పాత కప్పుని తాకకూడదు.
ఒక్క మేకు తాకినా సరే,
ఆ మేకే కబుర్లు మోసేత్తాది."

రబ్బరు బిళ్లల మీంచి కమ్మీలు వేలాడదీశాడు.
రాతిదూది ఖరీదెక్కువంటే
అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు పలకలు తెచ్చి
మూడు రోజులు ఎండబెట్టి, చెదమందు కొట్టి
పరుపుని తలకిందులుగా పరిచినట్టు పరిచాడు.
దాని కింద బోర్డు రెండు వరసలు,
అతుకు మీద అతుకు పడకుండా.
గోడల పొడుగునా సన్నని సందు వదిలి
ఎప్పటికీ గట్టిపడని లప్పంతో మూశాడు.
"చీమ దూరే చోట చప్పుడూ దూరుద్దండి."

గది జానెడు పొట్టిదయింది.
చొక్కా విప్పాలంటే ఫ్యాను ఆపాలి.
రెండు నెలల జీతం నెత్తిన వేలాడుతోంది.

మర్నాడు పది.
పదిన్నర.
ఏమీ లేదు.
ఆ లేకపోవడం మీదే కాసేపు కాచుకు కూచుని
ఎప్పుడు పోయిందో తెలీని నిద్ర పోయాను.
అలా తొమ్మిది రోజులు.
యేసుబాబుకి ఫోన్ చేసి మరీ పొగిడాను,
కాటా దగ్గర కుర్రాళ్లకీ, రొయ్య తలలు తీసే ఆడవాళ్లకీ
అడక్కుండానే అతని నంబరిచ్చాను.

పదో రోజు మెట్ల మీద మంగతాయారు గారు ఎదురయ్యారు.
కుడిచేతికి పిండికట్టు.
నీళ్ల గదిలో జారారట,
సరిగ్గా నా కప్పు పూర్తయిన రాత్రే.
"రోలు ముట్టి తొమ్మిది రోజులైంది బాబూ."
అయ్యయ్యో అన్నాను.
అంటూనే లోపల, సిగ్గు లేకుండా, ఓ లెక్క:
ఎముక అతకడానికి ఆరు వారాలు.

ఆరు వారాలు ఆవిడెక్కడ ఆగుతారు.
మూడో వారంలోనే ఎడంచేత్తో మొదలెట్టారు.
వినబడింది.
వినబడిందంటే యేసుబాబుకి అన్యాయం చేసినట్టు.
పంటకాలవ అవతలి గట్టున ఎవరో బట్టలుతుకుతుంటే
చెయ్యి దిగాక ఎప్పటికో చేరే చప్పుడుంటుందే, అలా.
కుంటుతూ, రెండు దెబ్బలకోసారి అలిసిపోతూ.
పక్కకి తిరిగి పడుకున్నాను.

సాయంత్రం పొట్లం పట్టుకొచ్చారు.
"ఇప్పుడు మీకు వినబడతందా?"
"అస్సలు లేదండి."
సంతోషిస్తారనుకున్నాను.
ఎందుకో మొహం కొంచెం చిన్నబోయింది.

డ్యూటీకి ముందు వేడన్నంలో
నెయ్యేసి ఆ కందిపొడి కలిపాను.
ఎడంచెయ్యి కదా, సరిగా నలగలేదు.
వేగిన కందిబద్ద ఒకటి పంటికింద పడి
పుర్రెంతా మోగేలా
ఫట్‌మంది.